పెళ్ళికొడుకు మూడో పేరు

ఆ రోజు ఉదయం చీలికల మాస్టారు పెట్టుకున్న పనులు రెండే. ఒకటి, జింకల పార్కుకి వెళ్ళి అక్కడున్న ఒక మగ దుప్పిని చూసి, "ఇది కొండ దుప్పి" అని రాసి సంతకం పెట్టి రావడం. రెండోది, వచ్చే దారిలో వంటింటి కుళాయికి వాషరు కొనుక్కురావడం. రెండింటిలో వాషరు సంగతే కష్టమని ఆయన అనుకున్నారు, ఎందుకంటే దాని కొలత ఆయనకి తెలియదు.

ఆయన గడప దాటుతుంటే భార్య వంటింట్లోంచి వచ్చి నిలబడింది. కట్టుకున్నవాడి సంగతి ఆవిడకి బాగా తెలుసు. రెండు చిక్కుడుకాయలు పక్కపక్కన పెడితే ఆ రెండూ ఒకటి కాదని సాయంత్రం దాకా వాదించగల మనిషి.

"వెళ్ళి ఊరికే చూస్తూ నిలబడకండి. కొండ దుప్పి అని ఒక్క ముక్క రాసి వచ్చేయండి," అంది.

"ఒక్క ముక్కే కదా," అన్నారు మాస్టారు చెప్పులు వేసుకుంటూ.

మాస్టారు పనిచేసేది మ్యూజియంలో, దుప్పుల విభాగంలో. లోకంలో ఉన్న దుప్పులన్నిటికీ మనుషుల్లాగే ఇంటిపేరూ సొంతపేరూ ఉంటాయి. ఆ రెండూ కలిస్తే జాతి. ఒకే జాతిలో కొండమీదిది కాస్త నల్లగా, మైదానంలోది కాస్త పొడుగ్గా కనిపిస్తే, దానికి మూడో పేరు తగిలిస్తారు. అది ఉపజాతి. ఎంత నల్లగా ఉంటే తగిలించాలి, ఎంత పొడుగుంటే తగిలించాలి అన్నది ఇంతవరకూ ఎవరూ తేల్చలేదు. తేల్చకపోవడం వల్లే చాలామందికి ఉద్యోగాలు నిలబడ్డాయి.

మాస్టారు విడగొట్టే రకం. చెవి కాస్త వెడల్పైతే ఒక ఉపజాతి, తోక కింద తెలుపు కాస్త తగ్గితే ఇంకొకటి. పక్కగదిలో ఉండే పెద్దమనిషి కలిపే రకం. ఆయన్ని అందరూ గంపగుత్త మాస్టారు అంటారు. ఆయన లెక్కలో దుప్పి అంటే దుప్పే, మిగతాదంతా వాటి తిండిలో తేడా. ఇద్దరి గదుల మధ్య పుర్రెల బీరువా ఒకటే. సాయంత్రం చీలికల మాస్టారు వాటిని అరలు అరలుగా సర్దిపెట్టి వెళితే, పొద్దున గంపగుత్త మాస్టారు ముందుగా వచ్చి అన్నిటినీ ఒకే అరలోకి తోసేవారు. ఎల్క్ అనే పెద్ద దుప్పి, ఎర్ర దుప్పి ఒకే జాతా, రెండు జాతులా అన్న మాట దగ్గర మొదలై, ఆ ఇద్దరూ ఒక బల్ల దగ్గర కూర్చుని భోజనం చేయడం ఎప్పుడో మానేశారు.

ఇక పార్కులో ఉన్న దుప్పి సంగతి. పార్కు సూపరింటెండెంటు మాస్టారికి స్వయానా బావమరిది. కొన్నేళ్ళ కిందట కొండ దిగువ రోడ్డు పక్కన తల్లి చచ్చిపడి ఉంటే, దాని పక్కన వణుకుతున్న పిల్లని తెచ్చి అక్క చేతిలో పెట్టాడు. ఆవిడ దాన్ని స్నానాల గదిలో ఉంచి, సీసాతో పాలు పట్టి పెంచింది. బతిమాలితే గాని తాగేది కాదు, బతిమాలితే గాని లేచేది కాదు. అందుకని పెళ్ళికొడుకు అని పేరు పెట్టింది. ఆవిడ దాన్ని "వాడు" అనేది. మాస్టారు "అది" అనేవారు. అది ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ఆయన వంటింటి సింకు దగ్గర గడ్డం గీసుకున్నారు, పెరట్లో గొట్టం కింద స్నానం చేశారు. ఒకరోజు ఆఫీసుకి ఆలస్యమై, ఒళ్ళు మండి, స్నానాల గది తలుపు విసిరికొడితే అది లోపల అరిచింది. తలుపు సందులో తల పెట్టిందని ఆయనకి తెలియదు. భార్య ఆయనతో చాలా రోజులు మాట్లాడలేదు. ఆ తర్వాత కొద్దికాలానికే దాన్ని పార్కుకి పంపేశారు.

ఇప్పుడు పార్కుకి కొత్త ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఈ పార్కు కొండ దుప్పుల కోసం పెట్టింది గనక అందులో కొండ దుప్పులే ఉండాలి, కలగలుపు జంతువులుంటే తొలగించాలి అని ఉత్తర్వు వేశాడు. తొలగించడం అన్న మాటకి ఆ పార్కులో అర్థం ఒకటే, తుపాకీ. దాన్ని ఆఫీసు గదిలో గోడకి తగిలించి తాళం వేసి ఉంచేవారు. తల్లీ తండ్రీ ఏ రకమో తెలియనిది పెళ్ళికొడుకు ఒక్కటే. అందుకే బావమరిది బావగారి సంతకం కోసం కబురు పెట్టాడు.

మాస్టారు వెళ్ళేసరికి బావమరిది కలం మూత తీసి సిద్ధంగా ఉన్నాడు. పెళ్ళికొడుకు కంచె దగ్గర నిలబడి నెమరు వేస్తోంది. నలుపు తేరిన జూలు, వెడల్పాటి ఛాతీ. మాస్టారు చూశారు. చూస్తూ నిలబడిపోయారు. కుడి కొమ్ము బాగానే ఉంది. ఎడమ కొమ్ముకి రెండో చీలిక బయటికి పోకుండా లోపలికి, నుదుటివైపుకి తిరిగి ఉంది. కొండ దుప్పుల్లో అలా ఉండదు. మైదానపు వాటిలోనూ ఉండదు. ఆయన చేతుల మీదుగా వెళ్ళిన పుర్రెల్లో దేనికీ అలా లేదు.

మొదట ఆయనకి భయం వేసింది. ఆ వంకర ఇన్‌స్పెక్టరు కంట పడితే కలగలుపు అంటాడు, గోడమీద ఉన్నది కిందికి దిగుతుంది. ఆ భయం వెనకే ఇంకో ఆలోచన వచ్చింది. అది భయం కన్నా చాలా అందంగా ఉంది.

"ఇక్కడ సంతకం బావగారూ," అన్నాడు బావమరిది.

"ఆగవయ్యా. ఇది కొండది కాదు."

బావమరిది ఆఫీసు గది వైపు చూశాడు. "కాస్త మెల్లగా. ఆయన లోపలే ఉన్నాడు."

"మైదానపుదీ కాదు."

"అంటే కలగలుపా? అక్క నన్ను బతకనివ్వదు బావా."

"కలగలుపు అని ఎవరన్నారు? కొత్తది. దీనికంటూ ఒక ఉపజాతి. లోకంలో ఇలాంటిది ఇదొక్కటే అని తేలితే ఇక దీన్ని ముట్టుకునే ధైర్యం ఎవడికుంటుంది చెప్పు?"

బావమరిదికి ఈ చివరి మాట నచ్చింది. మిగతా మాటలు అతనికి అర్థం కాలేదు గనక వాటిమీద అభ్యంతరం ఏమీ లేదు. కలానికి మూత పెట్టేశాడు. మాస్టారు గాలిలో తేలుతూ ఇంటికి వచ్చారు, వాషరు లేకుండా.

భార్య అంతా విని, "ఒక్క ముక్క రాయమన్నాను కదండీ," అంది.

ఆయన మెల్లగా అసలు సంగతి బయటపెట్టారు. మూడో పేరుగా ఆవిడ పేరే పెడుతున్నారు. ఇన్నేళ్ళ కాపురంలో ఆవిడకి చెప్పుకోదగ్గదేమీ ఇవ్వలేకపోయానని ఆయనకి మనసులో ఉంది. రాజుల పేర్లు, దండయాత్రలు చేసినవాళ్ళ పేర్లు దుప్పులకి పెట్టారు, సీసాతో పాలు పట్టినవాళ్ళ పేరు ఎందుకు పెట్టకూడదు అన్నారు. ఆవిడ కారుతున్న కుళాయి కిందికి గిన్నె జరిపింది.

"నా పేరు సంగతి అలా ఉంచండి. వాడికి ప్రమాదం లేదు కదా?"

"నాది పూచీ," అన్నారు మాస్టారు.

ఆ సాయంత్రం ఆవిడ పక్కింటావిడతో మాటల మధ్యలో యథాలాపంగా అన్నట్టే ఈ సంగతి చెప్పింది. ఆ తర్వాత ఎదురింటావిడతో కూడా.

మాస్టారి వ్యాసం అచ్చయింది. మ్యూజియం డైరెక్టరు గారు ఆయన్ని గదికి పిలిచి, లేచి నిలబడి చెయ్యి కలిపారు. డైరెక్టరు గారిది మెత్తటి గొంతు, మెత్తటి నడక. ఆయన పదవిలోకి వచ్చాక మ్యూజియానికి కొత్తగా చేరినవి చెదలే. కొత్త ఉపజాతికి పేరు పెడితే, ఆ పేరుకి ఆధారంగా ఒక జంతువు పుర్రె, చర్మం మ్యూజియంలో భద్రంగా ఉంచడం ఆనవాయితీ. రేపు ఎవరికైనా అనుమానం వస్తే వచ్చి దాన్ని చూసుకుంటారు. దాన్ని ఆధార నమూనా అంటారు. అలాంటిది ఒక్కటైనా ఉన్న మ్యూజియం పరువే వేరు.

"పుర్రె ఎక్కడ పెట్టారు?" అన్నారు డైరెక్టరు గారు.

"ప్రస్తుతానికి దుప్పి దగ్గరే ఉంది సార్."

"ఓహో. పరవాలేదు, నాకేం తొందర లేదు."

మర్నాడే వడ్రంగి వచ్చి ప్రవేశద్వారం ఎదురుగా కొలతలు తీసుకున్నాడు. అద్దాల పెట్టె తయారైంది. పైన దీపం కూడా అమర్చారు. పెట్టెలో ఏమీ లేదు గాని దీపం మాత్రం రోజూ వెలిగించేవారు. పొద్దున్నే మెట్ల దగ్గర ఎదురైనప్పుడల్లా డైరెక్టరు గారు, "మనవాడి ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగేవారు. ఎంత దయగల మనిషో అని మాస్టారు మొదట్లో మురిసిపోయారు. బాగుంది సార్ అన్నప్పుడల్లా ఆయన ముఖం కాస్త వాడిపోతోందని తర్వాత తర్వాత గమనించారు.

గంపగుత్త మాస్టారు వ్యాసం చదివి, నడవాలో ఎదురుపడినప్పుడు ఒకే ఒక్క మాట అన్నారు, "దాని కొమ్ము వంకరగా ఉంది, అంతే." చీలికల మాస్టారు దాన్ని కడుపుమంట కింద జమకట్టి, ఆ పూట ఇంకాస్త సంతోషంగా భోంచేశారు.

వ్యాసం ఇన్‌స్పెక్టరు కూడా చదివాడు. అతను చెడ్డవాడు కాదు, రాసిన దాన్ని రాసినట్టు నమ్మే మనిషి. అందులో చివరి పేజీలో మాస్టారు ఒక వాక్యం రాశారు. ఈ అపురూపమైన రక్తం ఇతర దుప్పుల రక్తంతో కలవకుండా చూడడం మన బాధ్యత అని. రాస్తున్నప్పుడు ఆ వాక్యం చాలా గంభీరంగా వచ్చిందని ఆయన దాన్ని పైకి రెండుసార్లు చదువుకున్నారు. ఇన్‌స్పెక్టరు ఆ బాధ్యతని తన నెత్తిన వేసుకున్నాడు. పెళ్ళికొడుకుని మందలోంచి విడదీసి, మిగతా దుప్పులున్న దొడ్డి పక్కనే ఇంకో దొడ్డి కట్టించాడు. కంచె గట్టిగా ఉండాలా అని బావమరిది అడిగితే, ఎంత గట్టిగా ఉంటే అంత మంచిదని మాస్టారే చెప్పారు. ముందు ఒక బోర్డు పెట్టారు, పక్కన ఒక కాపలావాణ్ణి పెట్టారు.

ఆదివారం నాడు మాస్టారి భార్య ఎప్పటిలాగే క్యారెట్లు సంచిలో వేసుకుని వెళ్ళింది. కాపలావాడు అడ్డంగా నిలబడ్డాడు. అనుమతి ఉన్నవాళ్ళే దగ్గరికి వెళ్ళాలట.

"ఆ బోర్డు మీద ఉన్న పేరు నాదేనయ్యా," అంది ఆవిడ.

కాపలావాడు వెనక్కి తిరిగి బోర్డు చదివాడు. "ఆ పేరు దుప్పిదమ్మా," అన్నాడు.

పెళ్ళికొడుకు ఆవిడని చూసి కంచె దాకా వచ్చి, మెడ చాచి, ఎంతకీ కదలకుండా నిలబడింది. ఆవిడ ఇంటికి వచ్చి ఆ క్యారెట్లే కూర వండింది. మాస్టారు రెండోసారి అడిగి వేయించుకున్నారు. క్యారెట్లు ఎందుకు తిరిగొచ్చాయని అడగాలని ఆయనకి తోచలేదు.

ఆకులు రాలే కాలం వచ్చింది. అది దుప్పులు జతకట్టే కాలం. మగవి రాత్రీ పగలూ మెడలెత్తి అరుస్తాయి, కొమ్ములతో చెట్లని పొడుస్తాయి, ఒకదాన్ని ఒకటి తరుముకుంటాయి. పార్కుకి వచ్చినప్పటి నుంచీ మందలోనే తిరిగిన జంతువు కంచెకి ఇవతల ఒక్కటీ నిలబడి, అవతల జరిగేదంతా వింటోంది. అది మేత మానేసిందని, కంచె వెంట అటూ ఇటూ తిరిగి తిరిగి అక్కడ నేల గోతిలా అరిగిపోయిందని బావమరిది వచ్చి చెప్పాడు. ఇన్‌స్పెక్టరుని అడిగితే వ్యాసం తీసి చివరి పేజీ చూపిస్తున్నాడట.

ఆ రాత్రి భోజనాల దగ్గర భార్య అడిగింది. ఆవిడ ఎప్పుడూ దేనికీ బతిమాలే మనిషి కాదు.

"ఏమండీ, ఆ మూడో పేరు తీసేయండి. నాకొద్దు. వాణ్ణి మందలో కలవనివ్వండి."

మర్నాడు పొద్దున్నే మాస్టారు బయలుదేరారు. ముందు డైరెక్టరు గారి దగ్గరికి. పేరు వెనక్కి తీసుకుంటానంటే ఆయన అద్దాల పెట్టె వైపు చూసి, అంత ఖరీదైన దీపాన్ని ఏం చేద్దామని మెత్తగా అడిగారు. అక్కణ్ణించి ఇన్‌స్పెక్టరు దగ్గరికి. అతను ఎంతో మర్యాదగా కుర్చీ వేసి కూర్చోబెట్టాడు. ఇది కొత్త ఉపజాతి కాకపోతే మరేమిటి అని అడిగాడు. కొండ దుప్పి అన్నారు మాస్టారు. కొండ దుప్పి కాదని ఎనిమిది పేజీల్లో రుజువు చేసింది మీరే కదా అన్నాడు ఇన్‌స్పెక్టరు. కొండదీ కాక, మైదానపుదీ కాక, కొత్తదీ కాకపోతే ఇక మిగిలింది ఒకటే. అంటూ గోడ వైపు చూశాడు. మాస్టారు చటుక్కున లేచి, కొత్త ఉపజాతే, సందేహం లేదు అని చెప్పి బయటపడ్డారు.

మిగిలిన దారి ఒక్కటే. ఆయన పక్కగది తలుపు తట్టారు. ఎన్నో ఏళ్ళ తర్వాత తట్టడం.

"నా వ్యాసం తప్పని నువ్వు రాయాలి. అది వట్టి కొండ దుప్పి అని రాయి," అన్నారు.

గంపగుత్త మాస్టారు కళ్ళజోడు తీసి ఆయన్ని ఎగాదిగా చూశారు. "నువ్వు తప్పని నన్ను రాయమని నువ్వే అడుగుతున్నావా?"

"అవునయ్యా."

"రాస్తాను. ఈ రోజు కోసమే కదా ఇన్నాళ్ళూ కూర్చున్నాను. పుర్రె చూపించు."

"అది బతికే ఉంది."

"అయితే ఎలా రాస్తాను? పుర్రె చూడకుండా నువ్వు రాశావు గనకే కదా ఈ గొడవంతా."

ఆ ఇద్దరికీ జీవితంలో ఏకాభిప్రాయం కుదిరిన సిద్ధాంతం అదొక్కటే. చీలికల మాస్టారు ఇంటికి వెళ్ళి, చూస్తున్నాను, ఏదో ఒక దారి దొరుకుతుంది అని భార్యకి చెప్పారు. ఆవిడ నమ్మలేదని ఆయనకి తెలిసింది.

దారి పెళ్ళికొడుకే వెతుక్కుంది. రెండు రోజుల తర్వాత తెల్లారుతుండగా అవతల మందలో వయసులో ఉన్న మగ దుప్పి ఒకటి అరిచింది. పెళ్ళికొడుకు దొడ్డి ఆ చివరి దాకా వెనక్కి నడిచి, తల దించి, పరుగున వచ్చి కంచెకి కొట్టుకుంది. కంచె చాలా గట్టిది. మెడ విరిగింది.

బావమరిది ఫోను చేయకుండా తనే వచ్చాడు. గుమ్మంలో నిలబడి చెప్పలేక చెప్పాడు. వంటింట్లో అక్క గిన్నె కడుగుతోంది. ఆవిడ కుళాయి కట్టింది. అది కారుతూనే ఉంది. "వాడికి చేతనైంది వాడు చేసుకున్నాడు," అని మళ్ళీ గిన్నె తీసుకుంది. మాస్టారికి ఏడుపు వచ్చింది. ఇంత ఏడుపు వస్తుందని ఆయన ఎన్నడూ అనుకోలేదు. వాడు స్నానాల గదిలో ఉన్నన్నాళ్ళూ తను పెట్టుకున్న చిరాకంతా గుర్తొచ్చి, పెరట్లోకి వెళ్ళి గొట్టం దగ్గర కూర్చుని ఏడ్చారు.

డైరెక్టరు గారు నల్ల కోటు వేసుకుని వచ్చి సంతాపం చెప్పారు. వెళుతూ వెళుతూ, తల భాగానికి దెబ్బేమీ తగల్లేదు కదా అని బావమరిదిని పక్కకి పిలిచి అడిగారు.

పుర్రె శుభ్రమై, తెల్లబడి, కొమ్ములతో సహా మ్యూజియానికి వచ్చింది. పెట్టెలో పెట్టే రోజున చిన్న కార్యక్రమం ఏర్పాటు చేశారు. ఆ పేరు గల మనిషి గనక మాస్టారి భార్యని కూడా పిలిచారు. ఆవిడ వస్తుందని మాస్టారు అనుకోలేదు. వచ్చింది. ఆయన పక్కన గాక, తమ్ముడి పక్కన నిలబడింది.

డైరెక్టరు గారు దీపం వెలిగించబోతుండగా గంపగుత్త మాస్టారు ముందుకి వచ్చారు. పుర్రె చూస్తే రాస్తానన్న మాట ఆయన మరిచిపోలేదు. ఇప్పుడు రాసి ఎవరికీ లాభం లేదని కూడా ఆయనకి తెలుసు. అయినా ఇచ్చిన మాట ఇచ్చిన మాటే. పుర్రెని రెండు చేతులా ఎత్తి కిటికీ వెలుగులోకి తిప్పి, ఎడమ కొమ్ము మొదట్లో బొటనవేలితో తడిమారు. మళ్ళీ తడిమారు.

"ఇది విరిగి అతుక్కున్న ఎముక," అన్నారు. "కొమ్ము లేచే పీఠం దగ్గర దెబ్బ తగిలింది. అక్కడ ఒకసారి పాడైతే ఇక ఏ ఏటి కొమ్మైనా సరే, ఊడిపోయి మళ్ళీ వచ్చినప్పుడల్లా అలా వంకరగానే మొలుస్తుంది."

"ఎప్పటి దెబ్బ?" అన్నారు డైరెక్టరు గారు.

"చిన్నప్పటిది. కొమ్ము ఇంకా మొటిమలా ఉన్న రోజుల్లోది. పక్కనుంచి బల్లచెక్క లాంటిదేదో గట్టిగా తగిలుంటుంది. తలుపు లాంటిది."

"అడవిలో తలుపెక్కడిదయ్యా?" అని డైరెక్టరు గారు చిన్నగా నవ్వారు.

మాస్టారి భార్య మాస్టారి వైపు చూసింది. అన్ని రోజుల తర్వాత ఆవిడ ఆయన ముఖంలోకి చూడడం అదే మొదలు. ఆయనకి ఆఫీసుకి ఆలస్యమైన ఆ పొద్దున చేతిలో తలుపు బరువు, లోపలి నుంచి వచ్చిన అరుపు రెండూ ఒక్కసారిగా తెలిశాయి. తను కనిపెట్టిన ఉపజాతిని తయారుచేసింది తమ ఇంటి స్నానాల గది తలుపని ఆ హాల్లో తెలిసినవాళ్ళు ఇద్దరే. గంపగుత్త మాస్టారికి ఉద్యోగంలో అదే మొదటి గెలుపు. దాన్ని ఏం చేసుకోవాలో తెలియక ఆయన పుర్రెని బల్లమీద మెల్లగా దించి, కళ్ళజోడు తుడుచుకున్నారు.

ఆవిడ మెల్లగా నడిచి గంపగుత్త మాస్టారి దగ్గరికి వెళ్ళింది, మొగుడి దగ్గరికి కాదు.

"అయితే వాడిది ఏ జాతండీ?"

"కొండ దుప్పి తల్లీ. అచ్చమైన కొండ దుప్పి. అందులో అనుమానమే లేదు."

పెట్టెలో పెట్టడానికి బంగారు అంచుతో అచ్చు వేయించిన చీటీ ఒకటి బల్లమీద ఉంది, ఆవిడ పేరుతో. ఆవిడ దాన్ని తీసి వెనక్కి తిప్పింది. వెనకవైపు ఖాళీ. తమ్ముడి జేబులోంచి కలం తీసుకుని, మూత తీసి, చీటీని మొగుడి ముందు పెట్టింది.

"ఇప్పుడు రాయండి," అంది. "ఒక్క ముక్క."

మాస్టారు కలం అందుకుని, "కొండ దుప్పి" అని రాశారు. అక్షరాలు కుదురుగా ఉన్నాయని డైరెక్టరు గారు మెచ్చుకుని దీపం వెలిగించారు.